మొదటి ఆరు నిమిషాలు

తిరిగొచ్చిన పాలను ఏం చేయాలో రుక్మాబాయికి తెలియదు. ముప్పై ఏళ్లుగా ధూల్‌పేట్‌లో పాలు పోస్తోంది. నీళ్లు కలిపావని అన్నవాళ్లున్నారు, కొలత తగ్గిందని పేచీ పెట్టినవాళ్లున్నారు. పోయించుకున్న పాలను పోయించుకున్నట్టే వెనక్కి తెచ్చినవాళ్లు మాత్రం ఈ వారం దాకా లేరు.

బుధవారం పొద్దున ఏడింటికి నిండు గిన్నె పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డది పరాయి మనిషైనా కాదు. పై వాటాలో పద్దెనిమిదేళ్లుగా అద్దెకుంటున్న రాజరాజేశ్వరి. తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఈ ఇంట్లోనే మనవణ్ణి ఎత్తుకున్న మనిషి.

"ఏమైంది అక్కా? ఇరిగినయా?"

"లేదు రుక్మమ్మా. ఇంకా కాచనేలేదు."

"మరి?"

రాజరాజేశ్వరి గిన్నె మూతను సర్దింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"మా కోడలు మైథిలి, పిల్లాడికి ఇవాళ్టి నుంచి ప్యాకెట్ పాలు పడదామంటోంది. నేను చెప్పి చూశాను. వినడం లేదు. ఆ వీడియో చూసిన దగ్గర్నుంచి వాణ్ణి గ్లాసు ముట్టుకోనివ్వట్లేదు."

"నీ కొడుకు గీ పాలతోని పెద్దగైండు అక్కా. నీ కోడలు బాలింతగున్నప్పుడు జున్ను పాలు పైకి తెచ్చిచ్చింది నేనే గద."

"ఆ మాట నేనూ అన్నాను."

"అని? పాలు తెచ్చి నా చేతుల పెట్టినవ్."

రాజరాజేశ్వరి తలొంచుకుంది. గిన్నె గట్టు మీద పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఆమె చెప్పులు చప్పుడు కాకుండా నడిచిన తీరు రుక్మాబాయికి ఆ పాల కంటే ఎక్కువ కోపం తెప్పించింది. తప్పు చేసినవాళ్ల నడక అది. తప్పని తెలిసీ చేసే పెద్దమనుషులతో ఏం కొట్లాడతాం?

ఆదివారం నుంచి ఇది అయిదో ఇల్లు.

ఆదివారమే కదా ఆ ఆరు నిమిషాల ముక్కను నెట్‌లో వదిలింది! శుక్రవారం విడుదలయ్యే సినిమాకు అది మొదలట. పాడి మీద డాక్యుమెంటరీ అని చెప్పి, నాలుగు నెలల కింద కెమెరాతో వచ్చి, కొట్టంలో కూర్చుని, తలా మూడు గ్లాసుల పాలు తాగి పోయిన పెద్దమనుషులు తీసిన బొమ్మలు అవి.

అందులో ఏముంది? సగం తెరిచిన తలుపు ఉంది. తలుపు వెనక చీకటి, చీకట్లో ఒక ఆడమనిషి వీపు. ఆమె ముందు చచ్చిన దూడ. నిజం దూడ కాదు, దూడ తోలులో గడ్డి కుక్కి నిలబెట్టినది. ఆమె దాన్ని నిమురుతూ మెల్లగా అంటుంటుంది. "ఇచ్చెయ్ తల్లీ. అంత ఇచ్చెయ్, దాచుకోకు. నీ బిడ్డ ఈడనే ఉన్నది సూడు." ధార గిన్నెలో పడే చప్పుడు. ఆ తర్వాత ఎవరిదో ఇల్లు. బల్ల మీద పాలగ్లాసు, దాని వైపు నడిచే చిన్న పాదాలు. ఖాళీ గ్లాసు. అప్పుడు, ఆఖరుకు, ఆడమనిషి ముఖం. రుక్మాబాయి ముఖం. నవ్వుతూ.

పాలు పోసే మనిషిని పసిపిల్లలకు విషం పెట్టే మనిషిని చేశారు. అడిగేవాళ్లు లేరు.

దూడ చచ్చిన బర్రె చేపదు, పాలు దించదు. పొదుగు నిండి గడ్డకట్టి, జ్వరమొచ్చి అదీ పోతుంది. అందుకని ఆ తోలుదూడను ముందు నిలబెడితే, వాసన చూసి, నాకి, బర్రె పాలు వదులుతుంది. పాడి చేసుకునే ఇళ్లన్నిటికీ తెలిసిన పని ఇది. ఇందులో దయ ఉంది, కొంత మోసమూ ఉంది. తన బర్రె లచ్చి ఆ తోలును నాకిన ప్రతిసారీ రుక్మాబాయి కళ్లు తడుస్తాయి. సినిమా తీసినవాళ్లకు ఆ తడి ఒక్కటే పనికిరాలేదు.

*

రుక్మాబాయి మొగుడు మైసయ్య ఉస్మాన్‌గంజ్ నుంచి తౌడు బస్తా వేసుకుని వచ్చేసరికి పది దాటింది. బస్తాను ఎప్పుడూ కొట్టం మూలన నెమ్మదిగా దించేవాడు, ఇవాళ వాకిట్లోనే పడేశాడు.

"ఏమైందయ్యా?"

"ఏమైతది? దుకాణంల పెద్ద టీవీ మీద పెట్టుకొని సూస్తున్నరు. నన్ను సూడంగనే ఒకడు, 'క్యా మైసయ్య భాయ్, భాభీ దూధ్ మే క్యా మిలాతే' అన్నడు. పాలల్ల ఏం కలుపుతదట! అందరు నవ్విండ్రు. ఇరవై ఏండ్ల సంది ఆ దుకాణంలనే దాణా తెస్తున్న నేను."

"నువ్వేమన్నవ్?"

"అనుడు తర్వాత. వర్షి ఏది?"

కూతురు వర్షిత మెట్ల మీద కూర్చుని సులేమానీ చాయ్ తాగుతోంది. బర్రెలున్న ఇంట్లో పాలు లేని నల్లచాయ్. సినిమా ఎడిటింగ్ స్టూడియోలో పనిచేస్తూ ఈ మధ్య నేర్చుకున్న కొత్త ఫ్యాషన్ అని తల్లి మొదట్లో విసుక్కుని, తర్వాత వదిలేసింది. ఆ కెమెరా వాళ్లను "మా ఆఫీసు సార్లు" అని ఇంటికి తెచ్చిందీ వర్షితే. ఆదివారం నాడు "నాకూ తెల్వదమ్మా, నన్ను గూడ మోసం చేసిండ్రు" అని తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చిందీ వర్షితే. ఇల్లంతా ఆ ఏడుపును నమ్మింది.

"ఫోన్ల ఆ ముక్క పెట్టు" అన్నాడు మైసయ్య.

"మల్ల ఎందుకు బాపూ? సూసి సూసి పరేషాన్ అవుడు తప్ప."

"సూడను. ఇంట. పెట్టు."

వర్షిత పెట్టింది. మైసయ్య కళ్లు మూసుకుని, ఫోన్‌ను చెవి దగ్గర పట్టుకుని విన్నాడు. ధార చప్పుడు వచ్చిన చోట ఆపమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"రుక్మా, ఆ దినం కెమెరా ముందల దేంట్ల పిండినవ్?"

"స్టీలు బకెట్ల. ఎందుకు?"

"ఇది స్టీలు చప్పుడా?"

రుక్మాబాయి కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఈ మూడు రోజులూ ఆమె ఆ బొమ్మను చూసి మండిపడిందే తప్ప చప్పుడును చప్పుడుగా వినలేదు. ఇప్పుడు విన్నది. సన్నగా, మోగుతూ, చివర కాసేపు నిలిచే చప్పుడు. ఆమె తల తనంతట తానే గోడ గూటి వైపు తిరిగింది. గూట్లో ఇత్తడి చెంబు బోర్లించి ఉంది.

అది మైసమ్మ చెంబు. తెల్లవారక ముందు తొలిధార అందులో తీసి అమ్మవారి ముందు పెట్టాకే మిగతా పాలు బకెట్‌లోకి వస్తాయి. ఆ వేళకు కొట్టంలోకి బయటి మనిషిని రానివ్వరు. సినిమా వాళ్లు వచ్చింది పట్టపగలు. ఆ చెంబును వాళ్లు కంటితో చూడలేదు.

"ఇంకోటి ఇను" అన్నాడు మైసయ్య. "వాళ్ల మైకు కర్రను సూసి లచ్చి బెదురుతాందని నేనే బయట పెట్టిచ్చిన. లోపట కెమెరా ఒక్కటే ఉండె. మరి నీ గొంతు ఇంత దగ్గరగ యాడికెళ్లి వచ్చింది? మైసమ్మ చెంబు చప్పుడు వాళ్లకు ఎవలిచ్చిండ్రు?"

 గల్లీ చివర వినాయకుల షెడ్డులో చెక్కల మీద మేకులు కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

ఆ వేళకు ఆ కొట్టం తలుపు దాకా రాగలిగినవాళ్లు ఈ ఇంట్లో ముగ్గురే. అందులో ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటున్నారు. మూడో మనిషి చాయ్ గ్లాసులోకి చూస్తోంది.

"నా ఫోనే బాపూ" అంది వర్షిత.

రుక్మాబాయి కొట్టలేదు, అరవలేదు. అరిచినా బాగుండేదని వర్షితకు అనిపించింది.

"ఆదివారం నా ఒళ్లె ఏడ్చినవ్ గద" అంది తల్లి. "ఆ ఏడుపు గూడ మీ ఆఫీసుల నేర్పిండ్రా?"

"అమ్మా, నేను సినిమా కోసం రికార్డు చెయ్యలే. ఒట్టు. స్టూడియోల పొద్దంతా ఏసీ గదిల కూసుంటే ఇల్లు యాదికొస్తది. నీ గొంతు ఇననీకి తీసిపెట్టుకున్న. గంతే. తర్వాత ఆ బొమ్మలు నా టేబుల్ మీదికి వచ్చినయి. మస్తు చప్పగున్నయి. ఒక దినం ఊకెనే నీ గొంతు దాని మీద పెట్టి సూసిన..."

"సూసి?"

"రోమాలు లేచినయి. మా డైరెక్టర్ క్రాంతి సార్‌కు చూపిచ్చిన. ఆయన కుర్చీల కెళ్లి లేచి చప్పట్లు కొట్టిండు. డాక్యుమెంటరీ పక్కకు పెట్టి, నడుస్తున్న సినిమాకు ఇదే ఓపెనింగ్ అన్నడు. తెర మీద నా పేరు ఏస్తనన్నడు. మూడేండ్ల సంది అక్కడ చాయ్ గ్లాసులు అందిస్తున్న, అమ్మా. మొదటిసారి నా పేరు."

"అవ్ బిడ్డా. నా పేరు తీసి నీ పేరు ఏసుకున్నవ్."

 

మైసయ్య లేచి గూట్లో చెంబును తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు. చేతులు ఏదో ఒకటి చేస్తుండాలి, లేకపోతే కూతురి మీదికి లేస్తాయని ఆయన భయం. "తొలిధార ఎవలికి తీస్తమో ఎరికె లేదా నీకు? అమ్మవారికి పెట్టేదాన్ని పోయి పోరగాండ్లను సంపుడుకు పెట్టినవా? సిగ్గు శరం లేదా?"

"బాపూ, సినిమా అది..."

"నీకు సినిమా. మైథిలికి సినిమానా? ప్యాకెట్ పాలు కొంటున్నది గామె. ఉస్మాన్‌గంజ్‌ల నవ్వినోళ్లకు సినిమానా?"

"చూపియ్" అంది రుక్మాబాయి ఉన్నట్టుండి.

"ఏందమ్మా?"

"నన్ను గట్ల ఎట్ల చేసినవో నాకు చూపియ్. నువ్వు చేసిన పని నా కండ్ల ముందల మల్ల చెయ్యి. నేను పుట్టిచ్చిన దాన్ని నువ్వు, నన్నెట్ల పుట్టిచ్చినవో నేను సూడాలె."

*

వర్షిత లాప్‌టాప్‌ను వంటగది పీట మీద పెట్టింది. మెట్ల మీద అలికిడైతే రుక్మాబాయి చూసింది. రాజరాజేశ్వరి. ఎంతసేపటి నుంచి వింటోందో.

"రా అక్కా. నువ్వు గూడ సూడు. పాలు వాపస్ ఇచ్చినోళ్లకు ఎందుకిచ్చినరో తెల్వాలె గద."

మొదట చప్పుడు లేకుండా పెట్టింది వర్షిత. వీపు, దూడ, నిమిరే చెయ్యి. రాజరాజేశ్వరి ముందుకు వంగి చూసి, "ఇది మన రుక్మమ్మే కదా, రోజూ చేసేదే" అంది అయోమయంగా. నిజమే, భయపడడానికి అందులో ఏమీ లేదు.

"ఇగో, ఇది ఆ దినం కెమెరాల ఉన్న అసలు చప్పుడు" అని ఇంకోటి పెట్టింది.

కొట్టమంతా ఒక్కసారిగా వంటగదిలోకి వచ్చింది. లచ్చి ముక్కు చీదడం, గొలుసు గలగల, పిచ్చుకలు, గల్లీలో ఆటో, పైన రాజరాజేశ్వరి రేడియో, మైసయ్య దగ్గు.

"ఇవన్ని తీసేసిన" అంది వర్షిత. ఆమె గొంతు మారింది. తప్పు ఒప్పుకుంటున్న పిల్ల గొంతు పోయి, పని తెలిసిన మనిషి గొంతు వచ్చింది. "ఆటో తీసేసిన. రేడియో తీసేసిన. బాపు దగ్గు తీసేసిన. మనుషులు బతికున్నరని చెప్పే చప్పుడు ఒక్కటి గూడ ఉంచలే. అప్పుడు సూసేటోనికి తెల్వకుండనే ఒంటరిగ అనిపిస్తది. తర్వాత నీ గొంతు పెట్టిన. చెంబు చప్పుడు పెట్టిన."

"ముఖం ఎందుకు దాచావే?" అంది రాజరాజేశ్వరి.

"దాస్తెనే సూస్తరు అత్తా. భయం చూపెట్టేదాంట్ల ఉండదు. చూపెట్టకుండ ఆపేదాంట్ల ఉంటది. తలుపు సగమే తెరిచి ఉంచాలె. వీపు మీద కెమెరాను ఇంకా ఉంచాలె, కట్ చేస్తరనుకున్న కాడ చెయ్యొద్దు. సూసేటోడు కూసున్న కాడ మెసలాలె."

"ఎడమదిక్కు కూసున్నట్టున్నదేంది?" అన్నాడు మైసయ్య తల పక్కకు వంచి. "ఎడమదిక్కు కూసుంటె లచ్చి తంతది."

"బొమ్మను అద్దంల తీరు తిప్పిన బాపూ. సూసేటోనికి ఏం తేడనో చెప్పరాదు, గని ఏదో తేడ ఉన్నట్టు అనిపిస్తది."

"తంతది" అన్నాడు మైసయ్య మళ్లీ, అంతకంటే పెద్ద నేరం దొరికినట్టు.

రుక్మాబాయి ఆ ఆఖరి ముఖాన్ని చూస్తోంది. "ఆ నవ్వు?"

వర్షిత బొమ్మను వెనక్కి జరిపింది. తర్వాత ఏదో నొక్కింది. తెర మీద నవ్వుకు ముందున్న రెండు సెకన్లు వచ్చాయి. రుక్మాబాయి తలెత్తి, కెమెరా పక్కన ఎవరినో చూసి, కొంగు సర్దుకుంటోంది. "హీరోయిన్ లెక్క సదురుకుంటున్నవేందే" అని మైసయ్య గొంతు. అప్పుడు నవ్వు.

"నువ్వు బాపును సూసింది కట్ చేసిన" అంది వర్షిత మెల్లగా. "ఎందుకు నవ్వుతున్నవో తెల్వకుంటె, ఆ నవ్వు భయమైతది."

మైసయ్య ముఖం తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆడిన సరసాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకదాన్ని కూతురు కత్తిరించి చెత్తబుట్టలో వేసింది.

"మొత్తం పెట్టు" అంది రుక్మాబాయి. "ఇప్పుడు అంత ఎరికైంది గద. పెట్టు, భయమైతదో లేదో సూస్త."

పెట్టింది. ఆరు నిమిషాలు ఎవరూ కదలలేదు. ఎక్కడ ఏం తీసేశారో, ఎక్కడ ఏం పెట్టారో అందరికీ తెలుసు. అయినా చిన్న పాదాలు గ్లాసు వైపు నడిచే చోట రాజరాజేశ్వరి చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

రుక్మాబాయి లాప్‌టాప్ మూసింది.

"నన్ను సూసి నాకే భయమైతాంది గదనే" అంది. కోపంతో కాదు, దిక్కుతోచక. కోపం ఒక్క నిమిషం ఆగి వచ్చింది. "ఇంత తెలివి ఉన్నది నీకు. ఇంత పని నేర్చినవ్. నేర్చి, మొట్టమొదలు మీ అమ్మ మీదనే తీసినవ్."

*

ఆ రోజు కెమెరా వాళ్లతో వచ్చిన సినిమా దర్శకుడు క్రాంతి సాయంత్రం నాలుగింటికి కారును గల్లీ మొదట్లోనే ఆపి నడిచొచ్చాడు. చేతిలో శాలువా, పండ్ల బుట్ట. పాలు పిండే వేళ అది.

"నమస్తే అమ్మా! మీరిప్పుడు స్టార్ అండీ. ఎక్కడికెళ్లినా మీ గురించే అడుగుతున్నారు, ఆ పాలావిడ ఎవరండీ అని."

"ఎవలు అడుగుతున్నరు సారూ? మా గల్లీల మాత్రం ఎవలు అడుగుతలేరు. పాలు వాపస్ తెస్తున్నరు."

క్రాంతి నవ్వు కొంచెం తగ్గింది. "అది రెండ్రోజులేనమ్మా. సినిమా చూశాక అందరికీ అర్థమవుతుంది. మీ పేరు పోలేదు, పేరు వచ్చింది. అందుకే వచ్చాను. రేపు సినిమా ఫంక్షన్‌కి మీరు స్టేజి ఎక్కాలి. ఏమీ మాట్లాడక్కర్లేదు. నిశ్శబ్దంగా వచ్చి హీరోకి ఒక గ్లాసు పాలు ఇస్తారు. అంతే. హాలంతా కేక పెడుతుంది!"

మైసయ్య పలుపు తాడు పట్టి లాగినట్టు ఒక్కసారి లేచాడు. రుక్మాబాయి చేత్తో ఆపింది. వర్షిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"వస్త" అంది రుక్మాబాయి.

"అమ్మా!" అంది వర్షిత.

"వస్త సారూ. గని ఒక్కటి. హీరోకు ఇచ్చే ముందుగాల నువ్వు తాగాలె. ఇప్పుడే, ఈడనే. నువ్వు తాగితె నేను స్టేజి ఎక్కుత. తాగకుంటె ఆ ఆరు నిమిషాలల్లకెళ్లి నా మొఖం, నా గొంతు తీసెయ్యాలె. శుక్రవారం లోపట."

క్రాంతి హాయిగా నవ్వాడు. "ఇంతేనా అమ్మా? తప్పకుండా."

ఆమె గూట్లోంచి ఇత్తడి చెంబు తీసింది. ఈ వేళకు దాన్ని తీయడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. మైసయ్య నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

క్రాంతిని కొట్టంలో పీట వేసి కూర్చోబెట్టింది. ఈగలు రాకుండా తలుపు సగం దగ్గరికి వేసింది. తోలుదూడను లచ్చి ముందుకు జరిపింది. లచ్చి నాకడం మొదలుపెట్టింది. రుక్మాబాయి కుడివైపు కూర్చుని, క్రాంతికి వీపు పెట్టి, పొదుగు కడిగింది. రోజూ అనే మాటలు ఇవాళ అనలేదు. ఏ మాటా అనలేదు. ధార చెంబులో పడుతున్న సన్నటి చప్పుడు ఒక్కటే.

క్రాంతి ఫోన్ చూసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, తలుపు వైపు చూశాడు. "బాగా నిశ్శబ్దంగా ఉందమ్మా ఇక్కడ" అన్నాడు. 

రుక్మాబాయి లేచి, నురుగు నిలిచిన పాలను స్టీలు గ్లాసులో పోసి అతని ముందు గట్టు మీద పెట్టింది.

"తాగు కొడుకా."

"కాచరా అమ్మా?"

"ఆ దినం పచ్చి పాలే తాగినవ్. మూడు గ్లాసులు. నాలుగోది ఉన్నదా అని అడిగినవ్."

అతను గ్లాసు ఎత్తాడు. నవ్వుతూనే ఎత్తాడు. ముఖం దాకా తెచ్చాడు. అతని కన్ను తోలుదూడ మీద పడింది. కుట్టు ఊడిన చోట గడ్డి కనిపిస్తోంది. గ్లాసు పెదవి దగ్గర ఆగింది. ఎంతసేపు? రెండు సెకన్లు ఉంటుందేమో. తర్వాత గట్టు మీద పెట్టేశాడు.

"నాకు ఈ మధ్య పాలు పడట్లేదమ్మా. డాక్టర్ వద్దన్నాడు."

మైసయ్య గట్టిగా నవ్వాడు. అందులో సంతోషం ఏ కోశానా లేదు. "తీసినోడే తాగుతలేడు! నువ్వు పెట్టిన భయం నువ్వే మింగినవ్ సారూ, పాలు గొంతుల ఎట్ల దిగుతయి?"

రుక్మాబాయి నవ్వలేదు. "నీకే గిట్లుంటె పైనున్న మైథిలిని నేనేమనాలె? ఆమెకు పసిపిల్లగాడు ఉన్నడు. పందెం ఓడినవ్ సారూ. తీసెయ్."

క్రాంతి లేచి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. మాట మారింది, మర్యాద పలచబడింది.

"చూడండమ్మా, ఇది నా ఒక్కడి చేతిలో లేదు. ఆ సీక్వెన్స్ వర్షితది. తన పేరు మీద ఉంది. తను తీసేయమంటే తీసేస్తాను, అప్పుడు పేరూ ఉండదు, బహుశా ఉద్యోగమూ ఉండదు. ఆరింటిలోపు చెప్పాలి. ఏం వర్షితా? తీసేయనా?"

సినిమా తనది, నింద ఈ పిల్లది. పెద్దవాళ్లు ఎంత సులువుగా చేతులు దులుపుకుంటారో!

వర్షిత గోడ వదిలి ముందుకొచ్చింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. ముఖం కందిపోయి ఉంది.

"ఎందుకమ్మా గింత లొల్లి? సినిమా సినిమానే, పాలు పాలే. సార్ హైదరాబాద్‌కు నిన్నగాక మొన్న వచ్చిండు, ఆయనకేం ఎరికె. నేను పుట్టినకాడికెళ్లి గీ పాలు తాగి పెరిగిన. నేను తాగుత, సూడు. నేను తాగితె మైథిలక్కకు గూడ నేనే పోయి చెప్త. తీసేసుడు అక్కర్లేదు."

గట్టు మీది గ్లాసు అందుకుంది.

రుక్మాబాయి చూస్తోంది. గ్లాసు పట్టుకున్న కూతురి చెయ్యి ముఖం దాకా వచ్చింది. నురుగు వాసనకు ముక్కు అదిరింది.  కళ్లు తోలుదూడ వైపు పోకుండా ఆపుకోవడం తెలుస్తూనే ఉంది.

"తాగుత" అంది వర్షిత మళ్లీ. చెయ్యి అక్కడే ఉంది.

ఆ కెమెరా వాళ్లు వచ్చి పోయాక నాలుగు నెలలు. పొద్దున మెట్ల మీద, సాయంత్రం మెట్ల మీద, గాజు గ్లాసులో నల్లచాయ్. పెరుగు వద్దంది, కడుపు బాగాలేదంది. పండగ నాడు పాయసం గిన్నె పక్కకు జరిపింది. ఫ్యాషన్ అనుకుని తల్లి వదిలేసింది.

"వర్షితా, నాకు టైమ్ లేదు. తీసేయనా, వద్దా?" అన్నాడు క్రాంతి తలుపు దగ్గర నుంచి.

"ఆగు సారూ" అంది రుక్మాబాయి, కూతురి మీద నుంచి చూపు తిప్పకుండా. "నీకు జవాబు తర్వాత చెప్తది. ముందుగాల నాకు చెప్పాలె. బిడ్డా, నాలుగు నెలల సంది సులేమానీ ఎందుకు తాగుతున్నవ్?"

వర్షిత గ్లాసు కింద పెట్టలేదు. తాగనూ లేదు.